బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుంది?

సాయంత్రం ఆరు గంటలు. సైదాబాద్ మెయిన్ రోడ్డు. చంచల్‌గూడ వైపు నుంచి ఐఎస్ సదన్ వైపు బళ్లు బారులు తీరి వెళుతున్నాయి. రోడ్డు పక్కన ఎవరో చెయ్యెత్తి ‘భాయ్, రోకో’ అంటారు. ముందు వెళుతున్న షేర్ ఆటో ఉన్నచోటే ఆగిపోతుంది. దాని వెనకున్న స్కూటీ కీచుమంటుంది. స్కూటీ వెనకున్న బైకు పక్కకు తప్పుకుంటుంది. ఆ బైకు వెనకున్న కారు... ఒక్కోసారి ఆగుతుంది. ఒక్కోసారి ఆగదు.

ఆగకపోతే రోడ్డు మీదే పంచాయితీ. ‘గట్లెట్ల సడన్‌గా ఆపుతవ్?’ అని వెనకాయన. ‘నీకు కండ్లు లేవా, చూస్కోవా?’ అని ముందాయన. చుట్టూ చేరిన నలుగురిదీ తలో మాట. తప్పెవరిదో తేలదు. నిజానికి ఆ తగువు తీర్చగల పెద్దమనిషి చాలా ఇళ్లలోనే ఉన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లల భౌతికశాస్త్రం పుస్తకంలో, చలనం పాఠంలో!

మూడో సూత్రం

ఆ పాఠంలో మూడు సమీకరణాలుంటాయి. పిల్లలు వాటిని ఎక్కాల్లా బట్టీ పడతారు. వాటిలో మూడోది, ‘వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు టూ ఏ ఎస్’. యు అంటే తొలివేగం. వి అంటే తుదివేగం. ఏ అంటే త్వరణం. ఎస్ అంటే వెళ్లిన దూరం. పరీక్షలో దీని మీద ఒక లెక్క వస్తుంది, చేస్తే మార్కులు పడతాయి, సెలవుల్లో మర్చిపోతారు. కానీ బండి తాళం చేతికి తీసుకున్న ప్రతి ఒక్కరూ రోజూ ఈ లెక్కను చేస్తూనే ఉంటారు. పుస్తకంలో తప్పితే మార్కు పోతుంది. రోడ్డు మీద తప్పితే ఏం పోతుందో చెప్పక్కర్లేదు.

బ్రేకు వేసినప్పుడు వేగం పెరగదు, తగ్గుతుంది. అందుకని దాన్ని రుణత్వరణం అంటారు. చివరికి బండి ఆగిపోతుంది కాబట్టి తుదివేగం సున్నా. అప్పుడు సూత్రం చాలా తేలికైపోతుంది. తొలివేగాన్ని దానితోనే హెచ్చవేసి, రుణత్వరణానికి రెండింతలతో భాగిస్తే, బ్రేకు పడ్డాక బండి ఎంత దూరం వెళ్లి ఆగుతుందో తెలిసిపోతుంది.

కీలకమంతా ఆ ‘దానితోనే హెచ్చవేసి’ అన్న మాటలో ఉంది. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు!

ముందు ఒక సెకను

ఇంకో సంగతి ఉంది. ఎదురుగా ఏదో కనిపించింది. కన్ను చూడాలి, మెదడు ‘ప్రమాదం’ అనుకోవాలి, కాలికీ చేతికీ కబురు వెళ్లాలి, అవి బ్రేకును నొక్కాలి. ఎంత చురుకైన వాళ్లకైనా దీనికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండికి ఈ విషయమేదీ తెలియదు. పాత వేగంతోనే పోతూ ఉంటుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగాన్ని సెకన్లలోకి మార్చాలంటే 3.6తో భాగించాలి. అంటే సెకనుకు 11 మీటర్లు. బ్రేకు మీద వేలు పడేలోపే బండి రెండు కార్లను వరసగా నిలబెట్టినంత దూరం దాటేసి ఉంటుంది. ఫోను మోగిందని రెండు సెకన్లు జేబు వైపు చూస్తే 22 మీటర్లు. అంత దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే.

కాబట్టి బండి ఆగే దూరంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి ఆలోచన దూరం, రెండోది బ్రేకు దూరం. పొడి తారురోడ్డు, మంచి టైర్లు, రెండు బ్రేకులూ సరిగ్గా పనిచేస్తున్న బండి, మెలకువగా ఉన్న మనిషి... ఇవన్నీ ఉన్నాయనుకుందాం. బ్రేకు పడ్డాక వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున, అంటే గంటకు 18 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుందని లెక్క వేస్తే దాదాపుగా వచ్చే దూరాలివి.

20 కి.మీ. వేగంలో: ఆలోచన 6 మీటర్లు, బ్రేకు 3 మీటర్లు. మొత్తం 9 మీటర్లు.
30 కి.మీ. వేగంలో: 8, 7. మొత్తం 15 మీటర్లు.
40 కి.మీ. వేగంలో: 11, 12. మొత్తం 23 మీటర్లు.
50 కి.మీ. వేగంలో: 14, 19. మొత్తం 33 మీటర్లు.
60 కి.మీ. వేగంలో: 17, 28. మొత్తం 45 మీటర్లు.
80 కి.మీ. వేగంలో: 22, 49. మొత్తం 71 మీటర్లు.

20 నుంచి 40కి, 40 నుంచి 80కి వెళ్లినప్పుడు బ్రేకు దూరం ఎలా పెరిగిందో చూడండి. 3 కాస్తా 12 అయింది, 12 కాస్తా 49 అయింది. మలక్‌పేట రేస్ కోర్సులో పరుగు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గెలిచిన గుర్రం గీత దాటగానే ఆగదు. జాకీ కళ్లెం లాగుతూ ఇంకా చాలా దూరం తీసుకెళ్లి గానీ నిలపలేడు. బండికైనా అంతే. వేగం పెంచడం క్షణంలో పని, దించడం కాదు.

పదే కదా అనుకుంటే...

‘నలభైకీ యాభైకీ తేడా ఎంత, పదే కదా’ అంటారు చాలామంది. ఆ పది ఏం చేస్తుందో చూద్దాం.

కాలనీ సందులోంచి ఒక బంతి రోడ్డు మీదికి దొర్లింది. దాని వెనకే ఒక పిల్లాడు. అక్కడికి సరిగ్గా 24 మీటర్ల దూరంలో రెండు బైకులు పక్కపక్కనే వస్తున్నాయి. ఒకటి 40తో, రెండోది 50తో. ఇద్దరూ పిల్లాణ్ని ఒకే క్షణంలో చూశారు. ఇద్దరికీ బ్రేకు వేయడానికి ఒకే సెకను పట్టింది. బ్రేకులూ ఒకే రకం.

40తో వచ్చిన బైకు పిల్లాడికి మూరెడు దూరంలో ఆగిపోయింది. మరి 50తో వచ్చింది? పది కిలోమీటర్లే ఎక్కువ కాబట్టి, తగిలినా ఏ పది కిలోమీటర్ల వేగంతోనో మెల్లగా తగులుతుందని అనిపిస్తుంది. మూడో సూత్రంలో అంకెలు వేసి చూడండి. ఆలోచనలోనే 14 మీటర్లు పోయాయి. బ్రేకుకు మిగిలింది పదే. ఆ పది మీటర్లలో దాని వేగం 50 నుంచి 35 దగ్గరికి మాత్రమే దిగుతుంది. అంటే పక్క బైకు పూర్తిగా నిలబడిపోయిన చోట, ఇది గంటకు దాదాపు 35 కిలోమీటర్ల వేగంతో పిల్లాణ్ని గుద్దుతుంది! మూడో బైకు 60తో వచ్చి ఉంటే 51 దగ్గర గుద్దేది.

ఎందుకిలా? బ్రేకు దూరంలో సగం అయిపోయేసరికి వేగం కూడా సగానికి దిగుతుందని అందరం అనుకుంటాం. కానీ 50తో మొదలైన బండి సగం దూరం దగ్గర ఇంకా 35తోనే ఉంటుంది. వేగంలో ఎక్కువ భాగం పోయేది చివరి కొద్ది మీటర్లలోనే. ఆ చివరి మీటర్లు దొరకలేదంటే దెబ్బ పెద్దదే.

ఆ దెబ్బ ఎంతటిదో ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, అదే సూత్రాన్ని కింద పడే వస్తువుకు వాడితే చాలు. గంటకు 35 కిలోమీటర్ల వేగం అంటే నాలుగున్నర మీటర్లకు పైగా ఎత్తు నుంచి, అంటే ఒకటిన్నర అంతస్తు మీది నుంచి కింద పడ్డప్పుడు వచ్చే వేగం. 50 దాటిందంటే మూడంతస్తుల పైనుంచి పడ్డట్టు. పిల్లల్ని డాబా పిట్టగోడ దగ్గరికి కూడా వెళ్లనివ్వం. అదే మూడంతస్తుల వేగాన్ని వీధిలోకి తెచ్చేస్తుంటాం.

మెత్తటి మట్టి చెప్పిన నిజం

వేగం రెట్టింపైతే దాని ‘దెబ్బ’ ఎంతవుతుందన్న ప్రశ్న మీద యూరప్‌లో ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. రెట్టింపే అవుతుందని ఒక పక్షం, నాలుగింతలని మరో పక్షం. 1720లలో గ్రావెసాండె అనే డచ్చి శాస్త్రవేత్త ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీదికి రకరకాల ఎత్తుల నుంచి వదిలి చూశాడు. రెట్టింపు వేగంతో పడిన గుండు మట్టిలో రెండింతలు కాదు, నాలుగింతల గుంట చేసింది. ఆ ప్రయోగం ప్రాముఖ్యాన్ని గుర్తించి 1740లో తన పుస్తకంలో గట్టిగా వాదించింది ఫ్రాన్సుకు చెందిన ఎమిలీ ద్యు షాట్లే అనే మహిళ. కార్లూ బైకులూ పుట్టడానికి శతాబ్దానికి పైగా ముందే తేలిపోయిన నిజమిది.

నగరం మర్చిపోలేని రోజు

2019 నవంబరు 4న గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ కూడలిలో కొత్త ఫ్లైఓవర్ తెరిచారు. దాని మీద వేగ పరిమితి 40. మూడు వారాలైనా తిరగకముందే, నవంబరు 23న, ఒక కారు వంపు దగ్గర అదుపు తప్పి గోడ దాటి కింది రోడ్డు మీద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. కారు గంటకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చిందని పోలీసులు చెప్పారు. కొన్నాళ్లు ఫ్లైఓవర్‌ను మూసేసి, నిపుణులతో పరిశీలన చేయించి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు.

40 పరిమితి ఉన్నచోట 100 అంటే రెండున్నర రెట్లు. బ్రేకు దూరం మాత్రం ఆరు రెట్లు దాటుతుంది. 12 మీటర్లు కావలసిన చోట 77 మీటర్లు. ఆలోచన దూరం కూడా కలిపితే వంద మీటర్లు దాటిపోతుంది. వంపులో ఇంకో చిక్కు ఉంది. రోడ్డును పట్టుకుని మలుపు తిరగడానికి టైర్లకు కావలసిన పట్టు కూడా వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. వంపు తిరుగుతూ గట్టిగా బ్రేకు వేస్తే ఉన్న పట్టునే రెండు పనులకూ పంచుకోవాలి. రెండూ చాలవు.

సైదాబాద్‌కూ ఇది దూరపు కబురు కాదు. నల్గొండ క్రాస్ రోడ్స్ నుంచి సైదాబాద్, ఐఎస్ సదన్ మీదుగా ఒవైసీ కూడలి దాకా దాదాపు 3.4 కిలోమీటర్ల స్టీల్ వంతెనకు 2020లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి వంతెనలు సిగ్నళ్లను తప్పిస్తాయి. కానీ ఖాళీ రోడ్డు కనిపించగానే కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది. ఆ 3.4 కిలోమీటర్లను 40తో దాటితే అయిదు నిమిషాలు. 50తో దాటితే నాలుగు. పది కిలోమీటర్లు పెంచి సంపాదించేది ఒక్క నిమిషం. దానికి చెల్లించేది ఆగే దూరంలో మరో పది మీటర్లు.

ఇంజినీర్లు ఎందుకంత జాగ్రత్త?

రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆలోచనకు ఒక సెకను సరిపోదంటుంది. వృద్ధులు, అలసిపోయినవాళ్లు, కొత్తగా నేర్చుకున్నవాళ్లు అందరూ నడుపుతారు కాబట్టి రెండున్నర సెకన్లు తీసుకుంటుంది. రోడ్డు పట్టును కూడా తడిగా, అరిగిపోయి ఉన్నట్టే తక్కువగా లెక్కిస్తుంది. అందుకే ఆ లెక్కలో 30 కిలోమీటర్ల వేగానికి 30 మీటర్లు, 40కి 45, 60కి 80, వందకు 180 మీటర్ల దూరం దాకా రోడ్డు డ్రైవరుకు అడ్డు లేకుండా కనిపించాలి. చెట్టు కొమ్మ, హోర్డింగు, నో పార్కింగ్‌లో నిలిపిన వ్యాను... వీటిలో ఏది ఆ చూపుకు అడ్డొచ్చినా వేగం తగ్గించుకోవలసిందే. సందులో ముప్పై మీటర్లు కనిపించకపోతే ముప్పై వేగం కూడా ఎక్కువే అన్నమాట.

విసుక్కుంటూ దాటే స్పీడు బ్రేకర్‌కూ లెక్క ఉంది. ఇదే సంస్థ చెప్పిన ప్రకారం అది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటగలిగేలా చేసిన కొలత అది. ఇంటి ముందు ఎవరికి వారు సిమెంటుతో పోసుకునే నిటారు గట్లు ఈ కోవలోకి రావు. అవి నడుము విరిచేవే.

వాన, బరువు, వెనక బ్రేకు

జూన్‌లో తొలి వాన పడిందంటే రోడ్డు మీది దుమ్ము, ఆయిలు కలిసి జిగటగా పేరుకుంటాయి. టైరు పట్టు సగానికి పడిపోతే బ్రేకు దూరం రెట్టింపవుతుంది. 40 వేగంలో 23 మీటర్లలో ఆగే బండి 36 మీటర్లు తీసుకుంటుంది. పొడి రోడ్డు మీద 50తో వెళుతున్నదాని కన్నా ఇది ఎక్కువ. అందుకే వానలో ఎవరూ చెప్పకుండానే వేగం తగ్గించాలి.

బరువు సంగతేమిటి? పిల్లలకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. సూత్రంలో బరువు లేదు కదా, మరి లారీ త్వరగా ఎందుకు ఆగదు? నిజమే. బరువు పెరిగితే ఆపాల్సిన బలం పెరుగుతుంది, రోడ్డు మీద టైరు పట్టు కూడా అంతే పెరుగుతుంది. లెక్కలో రెండూ కొట్టివేసుకుపోతాయి. కానీ అంత పట్టునూ వాడుకునే శక్తి బ్రేకులకు ఉండాలిగా! పెద్ద బళ్ల గాలి బ్రేకులు అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. మోయవలసిన దానికన్నా ఎక్కువ ఎక్కిస్తే బ్రేకులు వేడెక్కి చాలకుండా పోతాయి. సగం నిండిన నీళ్ల ట్యాంకరులో బ్రేకు వేయగానే నీళ్లు ముందుకు ఉరికి బండిని నెడతాయి. స్కూటరు మీద ముగ్గురెక్కినా అంతే. ఇద్దరి కోసం చేసిన బ్రేకు ముగ్గురిని ఆపాలంటే ఆలస్యమే.

ద్విచక్ర వాహనాల్లో మరో పొరపాటు చాలామందికి అలవాటు. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్న భయంతో వెనక బ్రేకునే నమ్ముకుంటారు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. కాబట్టి అసలు పట్టు ఉండేది ముందే. తేలికైపోయిన వెనక చక్రం జారుతుంది. రెండు బ్రేకులనూ కలిపి, క్రమంగా బిగించడమే పద్ధతి. 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకన్నా చిన్నవాటిలో ఒక బ్రేకు నొక్కితే రెండూ పడే సీబీఎస్ అయినా ఉండాలని అప్పట్లో నిబంధన పెట్టారు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, హ్యాండిల్ మాట వినేలా చేస్తుంది. అంతేగానీ మూడో సూత్రాన్ని మార్చలేదు.

రోడ్డు మీద రాసిన సాక్ష్యం

ప్రమాదం జరిగాక ‘నేను నలభైలోనే వస్తున్నా సార్’ అని డ్రైవరు అంటాడు. రోడ్డు వేరే చెబుతుంది. చక్రాలు బిగుసుకుపోయి ఈడ్చుకుపోయినప్పుడు తారు మీద నల్లటి గీతలు పడతాయి. వాటి పొడవు కొలిచి, రోడ్డు పట్టు ఎంతో చూసి, అదే సూత్రాన్ని వెనక నుంచి చేస్తే బ్రేకు పడ్డప్పటి వేగం బయటికొస్తుంది. మంచి పొడి తారురోడ్డు మీద 20 మీటర్ల గీత ఉందంటే, ఆ బండి 60కి దగ్గరలో వస్తూ ఉండాలి. అదైనా కనీస అంచనానే. గీత చివర దేన్నో గుద్ది ఆగి ఉంటే అసలు వేగం ఇంకా ఎక్కువ. ఏబీఎస్ ఉన్న బళ్లు ఇలాంటి గీతలు పెద్దగా వదలవు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 71 మంది మరణానికి అతివేగమే కారణంగా నమోదైంది. చనిపోయినవారిలో 32,825 మంది ఏ బండీ ఎక్కని పాదచారులు. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సు పిలుపునిచ్చింది. ఆ 30 ఊరికే పెట్టిన అంకె కాదు. 15 మీటర్లలో ఆగగలిగే వేగం అది.

ఈ ఆదివారం ఇలా చేయండి

మొదట అడిగిన తగువుకు జవాబు కూడా ఇందులోనే ఉంది. చెయ్యి చూపించినచోటల్లా ఆపే ఆటోవాలాది తప్పే. కానీ ఏ బండి ఎప్పుడు ఆగినా తాను ఆగగలిగేంత ఎడం ఉంచుకోవడం వెనకాయన పని. ఎడం కొలవడానికి టేపు అక్కర్లేదు. ముందున్న బండి ఒక కరెంటు స్తంభం దాటగానే నిదానంగా ‘ఒకటీ... రెండూ’ అనుకోండి. మీరు ఆ స్తంభాన్ని అంతకన్నా ముందే చేరారంటే దగ్గరగా ఉన్నట్టు. వానలో నాలుగు దాకా లెక్కపెట్టండి.

ఇంకో పని. బైకు కావాలని మారాం చేసే అబ్బాయినో, స్కూటీ నేర్చుకుంటున్న అమ్మాయినో వెంటబెట్టుకుని ఉదయాన్నే వీధిలోకి వెళ్లండి. పెద్దవాళ్ల అడుగు ముప్పావు మీటరు ఉంటుంది. గేటు దగ్గర మొదలుపెట్టి 20 అడుగులు వేయించండి. 30 వేగంతో వచ్చే బండి ఆగేది అక్కడ. 31 అడుగుల దగ్గర 40ది. 44 దగ్గర 50ది. 60 అడుగుల దగ్గర 60ది. ఒక్కో చోట సుద్దముక్కతో గీత గీయించండి. గేటుకూ గీతకూ మధ్య ఎన్ని ఇళ్ల గుమ్మాలు, ఎన్ని సందులు, ఎంతమంది పిల్లలు ఉన్నారో వాళ్లనే లెక్కపెట్టమనండి. ఆ వీధిలో ఎంత వేగంతో వెళ్లాలో తర్వాత మీరు చెప్పక్కర్లేదు.